మధుమేహము, మూత్రపిండములు: రక్తము తెలుపు గుఱుతులు
(వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గుఱించియు, సహకారసంఘముల బాకీలను గుఱించియు పెద్దలు మాటలాడిన పిమ్మట, రోగమును గుఱించి ప్రసంగింప మాకు సెలవొసగిరి. భోజనవేళ సమీపించినది. చక్కెర జబ్బు మాట యెత్తుటకు ఇంతకన్న తగిన సమయము లేదని కార్యదర్శిగారు పరిహాసమాడిరి. లడ్డుమీద మీకు గల ప్రీతికి భంగము కలుగకుండ ముగింప యత్నింతుము.

మా ప్రసంగమునకు ప్రత్యేక కారణ మొకటి కలదు. మన దాతలు కొందఱు తమ పెద్దల జ్ఞాపకార్థము డయాలిసిస్ యంత్రములను కొని ఆసుపత్రికి సమర్పింప తలపెట్టినారు. విషయనిర్ధారణసంఘము రేపు ఆ ప్రస్తావమును విచారింపబోవుచున్నది. దాతల యౌదార్యమునకు నమస్కరించుచున్నాము. అయినను, వారమునకు రెండు మూడు పర్యాయములు, ప్రతి పర్యాయమును నాలుగేసి గంటలు, యంత్రమునకు చేయి అప్పగించి పరుండు నేతగానికి మగ్గము కొఱకు ఎంత కాలము, ఎంత సత్తువ మిగులునో ఒక్కసారి లెక్కవేసి చూడుడు. చాలమంది ఆ మంచము చేరకుండ ఆపగల పరీక్షలు నేడు కలవు. అవి యేమి చెప్పునో, మనవంటి దేహములయెడ ఎక్కడ తప్పుదారి పట్టించునో తెలిసికొన్న పిదప, ఆ నిధిలో కొంతభాగము ముందుజాగ్రత్తకు వినియోగింపవలయునా వలదా యని మీరే నిర్ణయింపుడు.

చక్కెర జబ్బు ధనికుల జబ్బని మన పెద్దల నమ్మకము. బొజ్జ గల షావుకారునకే గాని, గుంతమగ్గములో కాళ్లుంచి దినమంతయు నాడె విసరు బక్కమనిషికి అది రాదని నేటికిని అనువారు కలరు. 2023లో ప్రకటింపబడిన భారత వైద్యపరిశోధన మండలివారి సర్వే ప్రకారము మన దేశమున మధుమేహులు 10 కోట్ల 10 లక్షలు. ఆ అంచున నిలిచినవారు మఱి 13 కోట్ల 60 లక్షలు. వీరందఱును షావుకార్లు కారు. మన దేశమున మూత్రపిండములు పూర్తిగా చెడుటకు మొదటి కారణము ఈ మధుమేహమే.

మన సీమకు ఇందు ఒక విశేషమున్నదని మా యూహ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడపు పీఠభూమి మనది. 1876–78 నాటి ధాత కఱవు కథలను మన అవ్వలు తమ అవ్వలవలన విన్నవారు. తల్లి గర్భమున నున్నప్పుడు ఆకలి గుర్తెఱిగిన శిశువు పెద్దవాడైన పిదప చక్కెరను చక్కగా అరిగించుకొనలేడని పాశ్చాత్యదేశములలో రుజువైనది. 1944–45 శీతకాలమున జర్మను సేనలు ఆహారము నడ్డగించుటచే హాలండు దేశపు పట్టణములు ఆకలికి మాడెను. ఆ దినములలో గర్భమున నున్నవారిని ఏబది యేండ్ల ప్రాయమున పరీక్షించి, తక్కినవారికన్న వీరి రక్తమున చక్కెర అదుపు చెడియున్నదని 1998లో ప్రకటించిరి. అంతియ కాదు. మూత్రపిండములలోని వడపోత గుళికల లెక్క గర్భముననే తేలిపోవును. పుట్టిన తర్వాత క్రొత్తవి యేర్పడవు. సగటున ఒక్కొక్క మూత్రపిండమున పది లక్షలుండునందురు గాని, మనిషికిని మనిషికిని చాల భేదము కలదు. తక్కువ బరువుతో పుట్టినవారికి మూలధనమే తక్కువ. అట్టివానికి సంగటిముద్దయు, కొఱ్ఱన్నమును పోయి, 1983లో రెండు రూపాయల బియ్యము వచ్చినది మొదలు మూడుపూటల వరియన్నమును, దినమునకు నాలుగుసార్లు చక్కెర టీయును అలవాటయ్యెను. ఆ బియ్యము ఆకలి తీర్చినమాట నిజమే; దానిని నిందించుట మా యుద్దేశము కాదు. కదలక కూర్చుండు వృత్తికి ఆ కంచము సరిపడలేదని మాత్రమే చెప్పుచున్నాము.

ఇక మూత్రపిండము సంగతి. మగ్గమెఱిగిన మనకు దీనిని బోధించుట సులభము. ప్రతి వడపోత గుళికయు ఒక సన్నని నేత. పడుగును పేకయు దట్టముగా నున్నంతకాలము నీరును మలినములును దిగును గాని, రక్తములోని అల్బుమిన్ అను మాంసకృత్తు దిగదు. ఈ గుడ్డలగుండ దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవము వడకట్టబడుచున్నది. అందులో లీటరున్నర, రెండు లీటర్లు తప్ప తక్కినదంతయు దేహము మఱల త్రాగివేయును. రక్తమున చక్కెర హెచ్చినప్పుడు గుళికలో ఒత్తిడి హెచ్చును, వడపోతయు హెచ్చును. ఇది మొదటి మోసము. ఆరంభదశలో కాగితముమీది యంకెలు మునుపటికన్న బాగుగనే కనబడును, రోగి సంతోషించును. కొన్నేండ్లకు పోగులు సడలును. అల్బుమిన్ కొంచెము కొంచెముగా మూత్రమున దిగనారంభించును. నొప్పి లేదు, వాపు లేదు, మంట లేదు. కాళ్లు వాచునప్పటికి నేత చాలవఱకు చిరిగియుండును.

డెన్మార్కు దేశపు మోగెన్‌సెన్ పండితుడు, పెద్దవయసున వచ్చు మధుమేహమున ఈ కొద్దిపాటి అల్బుమినే రాబోవు కీడునకు ముందుగుఱుతని 1984లో చూపెను. నేటి లెక్కలో మూత్రమున ఒక గ్రాము క్రియాటినిన్‌కు అల్బుమిన్ 30 మిల్లీగ్రాములు మించరాదు. 300 దాటినయెడల అపాయము హెచ్చు. సాధారణముగా ఆసుపత్రిలో మూత్రమున ముంచు పుల్ల ఇంత సూక్ష్మమును పసికట్టలేదు; కొలత పరీక్షయే కావలెను. జ్వరము, మూత్రమార్గపు చీము, విపరీతమైన శ్రమ ఉన్నప్పుడు ఇది ఊరకనే హెచ్చును గావున, మూడు నుండి ఆఱు నెలలలో మూడుమారులు చూచి రెండుమారులైన హెచ్చినప్పుడే నిశ్చయింతురు. రక్తపు గుఱుతులు చెప్పెదమని వచ్చి మూత్రము మాట యెత్తితిమేమని మీరు శంకింపవచ్చును. ఈ రెండవ సాక్షి లేనిదే రక్తము పలుకు సాక్ష్యము సగమే.

రక్తపు సాక్షులలో పెద్దది క్రియాటినిన్. కండరములు అరిగి పుట్టించు మలిన మిది. మూత్రపిండము దీనిని వెలికి నెట్టవలయును. జర్మనీ దేశపు యాఫె పండితుడు 1886లో పిక్రికామ్లముతో దీనికి నారింజవర్ణము వచ్చునని కనిపెట్టెను. నేటికిని అనేక ప్రయోగశాలలు ఆ రంగునే కొలుచుచున్నవి. మనవారు కాగితమున ఈ యంకెనొక్కదానినే చూచుకొందురు. ప్రక్కన అచ్చువేసిన హద్దు లోపల నున్నచో కాగితమును మడిచి పెట్టెలో పెట్టుదురు. ఇచ్చటనే మేము మీ చేయి పట్టుకొని యాపదలచినాము.

క్రియాటినిన్ కండలనుండి పుట్టునంటిమి గదా! కండలు లేనివానికి అది మొదటనే తక్కువ. మూత్రపిండము సగము పని మానివేసినను వాని యంకె హద్దులోనే యుండవచ్చును. లెక్క చూడుడు. 1.1 అను ఒకే యంకె ఇద్దఱికి వచ్చినదనుకొందము. ఒకడు 25 ఏండ్ల యువకుడు. రెండవది 62 ఏండ్ల అవ్వ. 2021లో సవరింపబడిన లెక్క ప్రకారము, ప్రాయమును స్త్రీపురుష భేదమును కలిపి వడపోత వేగమును అంచనావేసినచో, యువకునికి నిమిషమునకు సుమారు 95 మిల్లీలీటర్లు; అవ్వకు 57 మాత్రమే. మూడు నెలలకు పైగా 60కి తక్కువగా నుండుట దీర్ఘవ్యాధికి గుఱుతు. అవ్వ కాగితముమీద ఎఱ్ఱ గీత లేదు. అవ్వ మూత్రపిండములు మాత్రము క్షేమముగా లేవు. ఈ లెక్కవేసిన యంకెను ఇ.జి.ఎఫ్.ఆర్. అందురు. దానిని కాగితమున వ్రాసియిమ్మని ప్రయోగశాలవారిని అడుగుటకు మనకు హక్కు కలదు. అది వేఱు పరీక్ష కాదు, కూడికతీసివేతల పని.

ఇంతటితో తీఱలేదు. ఆ లెక్కలోను మన బక్కదేహమునకు చోటు లేదు. నలువది అయిదు కిలోల బరువు గల నేతకార్మికునికి ఆ లెక్క ఉన్నదానికన్న ఎక్కువ వడపోతను చూపును. పరీక్షకు ముందటిరాత్రి మాంసము భుజించినవానికి క్రియాటినిన్ హెచ్చి, లేని రోగమును చూపవచ్చును. చైత్రవైశాఖములలో నీరు చాలక ఎండిన దేహముననుండి తీసిన రక్తమును అట్లే మోసగించును. కనుక ఒక్క కాగితమును చూచి గుండెలు బాదుకొనుటయు తగదు, నిశ్చింతగా నిద్రించుటయు తగదు. సందేహము గలచోట సిస్టాటిన్ సి అను మఱియొక రక్తపరీక్ష కలదు. అది కండలనుండి గాక దేహములోని దాదాపు అన్ని కణములనుండి పుట్టును గావున, బక్కవాని విషయమున క్రియాటినిన్‌కన్న నమ్మదగినది. థైరాయిడు వ్యాధిలోను, స్టిరాయిడు మందులు వాడువారిలోను అదియును తడబడును. రెండింటిని కలిపి లెక్కించుట మేలని 2024 నాటి అంతర్జాతీయ సూత్రములు చెప్పుచున్నవి. పెద్ద నగరములకు పంపిగాని చేయింపరాని పరీక్షయగుచో, అందఱికి అక్కఱలేదు. వైద్యుడు కోరినవారికి చాలును.

రెండవ సాక్షి హెచ్.బి.ఎ.1.సి. ఎఱ్ఱకణములకు చక్కెర అంటుకొన్న పాళ్లను ఇది చూపును. ఇరాను దేశపు సామ్యూల్ రహబారు 1968లో మధుమేహుల రక్తమున ఈ మార్పును గమనించెను. ఎఱ్ఱకణము సుమారు 120 దినములు జీవించును గావున, గడచిన రెండు మూడు నెలల బాగోగులు ఒక్క చుక్కలో తెలియును. పరీక్షకు ముందు మూడు దినములు మాత్రము పథ్యము చేసి వైద్యుని మెప్పింపజూచు చమత్కారులు మనలో కలరు. వారి చమత్కారము దీనియొద్ద చెల్లదు. అయినను మన స్త్రీలలో రక్తహీనత మెండు. ఇనుము కొఱతచే రక్తము తగ్గినవారికి ఈ యంకె ఉన్నదానికన్న హెచ్చుగా రావచ్చును. రక్తస్రావమైనవారికిని, ఎఱ్ఱకణములు త్వరగా నశించువారికిని తక్కువగా రావచ్చును. కావున హిమోగ్లోబిన్ కూడ చూడనిదే దీని మాట పూర్తిగా నమ్మరాదు.

ఇచ్చట ఒక ముఖ్యవిషయము. కొన్నేండ్లు మందులు మ్రింగిన మధుమేహికి హఠాత్తుగా చక్కెర తగ్గుట మొదలిడును. మందు తగ్గించినను తగ్గుచునే యుండును. ఇంటిల్లిపాదియు పండుగ చేసికొందురు; ఏ నాటుమందు మహిమయో యని చెప్పుకొందురు. పెక్కుమాఱులు అది మూత్రపిండముల పతనమునకు గుఱుతు. ఇన్సులిన్‌ను అరిగించి పంపు పనిలో మూత్రపిండమునకు పెద్ద పాలు కలదు. అది చెడినప్పుడు ఇన్సులిన్ రక్తమున నిలిచి చక్కెరను దింపును. ఇట్టి తగ్గుదల కనిపించిన ఇంట పండుగకు ముందు క్రియాటినిన్ పరీక్ష చేయింపుడు.

పొటాసియము, భాస్వరము మొదలగునవి చివరిదశ గుఱుతులు. అవి హెచ్చునప్పటికి వైద్యుడే మీ వెంట తిరుగుచుండును. భాస్వరము మాట వచ్చినది గనుక ఒక్క సంగతి చెప్పి ముందునకు పోదుము. రక్తమూత్రములలో భాస్వరమును రంగు సాయమున కొలుచు పద్ధతిని 1925లో ఫిస్కెతో కలిసి హార్వర్డున కనిపెట్టినది, భీమవరమున 1895లో పుట్టిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. రక్తమును అంకెలలోనికి దింపు విద్యలో తెలుగువాని చేయి అంత పూర్వమే పడినది.

క్రొత్త గుఱుతులను గుఱించి పత్రికలలో చదివి కొందఱు మమ్మడుగుచున్నారు. 2012లో బోస్టను నగరపు జోస్లిన్ మధుమేహ సంస్థవారు 410 మంది మధుమేహులను 12 సంవత్సరములు కనిపెట్టియుండి, టి.ఎన్.ఎఫ్. గ్రాహకము 1 అను మాంసకృత్తు రక్తమున మిక్కుటముగా నున్న నాలుగవవంతు వారిలో నూటికి 54 మందికి మూత్రపిండములు పూర్తిగా చెడెననియు, తక్కినవారిలో నూటికి 3 గురికే యట్లయ్యెననియు తెలిపిరి. 2019లో ఇట్టి మాంసకృత్తులు 17 కలిసి ముందుగుఱుతులగునని ఆ సంస్థవారే చూపిరి. ఆ శోధనకు రక్తమిచ్చినవారిలో అమెరికాలోని అరిజోనా యెడారిలో నివసించు పీమా జాతివారును కలరు. వారి కథ మనము వినదగినది. గీలా నదినీటితో సేద్యము చేసి బ్రతికిన జాతి యది. పందొమ్మిదవ శతాబ్ది చివర వలసవచ్చినవారు నదిని ఎగువనే మళ్లించుకొనుటచే పొలములెండెను; పిండియు, క్రొవ్వును, చక్కెరయు వారి పళ్లెమున చేరెను; మధుమేహము వారిని చుట్టుకొనెను. 1965 మొదలు వారు పరిశోధకులకు తమ రక్తమిచ్చిరి. ఆ యెండిన నేలవారి నెత్తుటివలన తేలిన సంగతులు ఈ యెండిన నేలవారికి ఉపకరించుచున్నవి.

2023 జూనులో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ, టి.ఎన్.ఎఫ్. గ్రాహకములు రెండింటిని కిమ్-1 అను మూడవదానితో జోడించిన రక్తపరీక్షకు అనుమతినిచ్చెను. దీనిని మనము తెప్పింపవలయునా యన్నచో, ఇప్పుడు అక్కఱలేదని మా యభిప్రాయము. ఉన్న నాలుగు పరీక్షలను ఏటేట చేయించుకొననివాడు పదునేడు మాంసకృత్తులకై తహతహలాడుట, పడుగు లేకయే జరీ కొననేగుటవంటిది. నూఱు పరీక్షలు ఒక్క ధరకని గోడలమీద ప్రకటించువారి మాట సరేసరి. ఆ నూటిలో మూత్రపు అల్బుమిన్ కొలత తఱుచు కానరాదు.

తెలిసికొన్నందువలన లాభమేమి, నుదుటి వ్రాత తప్పునా యని అడుగు పెద్దలకు ఒక్క సమాధానము చెప్పెదము. పూర్వము చేయదగినది స్వల్పము, నేడట్లు కాదు. 2001లో లోసార్టాన్, ఇర్బెసార్టాన్ అను రక్తపోటు మందులు మధుమేహుల మూత్రపిండములను కాపాడునని తేలినది. 2019లో కానాగ్లిఫ్లోజిన్ మూత్రపిండ పతనాదుల అపాయమును నూటికి సుమారు 30 పాళ్లు తగ్గించినది. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ అట్టి ఫలమునే యిచ్చినది. ఈ తెగకే చెందిన ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మన దేశమున 2025 మార్చిలో ముగియుటచే ధర బాగుగా దిగినది. 2024లో సెమాగ్లుటైడ్ కూడ ఈ పంక్తిలో చేరెను. వీనిని వైద్యుని చూపున వాడవలయును. వాంతులు, విరేచనములు, కఠినోపవాసములు ఉన్న దినములలో కొన్నింటిని ఆపవలసియుండును. మందు మొదలిడిన క్రొత్తలో క్రియాటినిన్ కొంచెము హెచ్చుటయు కలదు. దానికి జడిసి మీయంతట మీరు మానరాదు.

మానవలసినది వేఱొకటి కలదు. మగ్గమువద్ద నడుమునొప్పి వచ్చిన ప్రతి వేళ మందులంగడికి పోయి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి బిళ్లలు తెచ్చి మ్రింగుట మనలో ఆచారమైనది. మధుమేహియై, ఎండకు నీరెండి, రక్తపోటు మందుపై నున్నవానికి ఆ బిళ్ల మూత్రపిండమునకు గొడ్డలిపెట్టు. శ్రీకాకుళపు ఉద్దానము కథ విని, మన జబ్బునకును నీళ్లే కారణమని కొందఱందురు. ఉద్దానపు వ్యాధి వేఱు. అది చక్కెరవలన వచ్చినది కాదు. దాని మూలము కనుగొనుటకై 2023 డిసెంబరులో పలాసలో పరిశోధనాకేంద్రము తెఱవబడినది. మన బావులలోని ఫ్లోరైడు పండ్లను ఎముకలను చెఱచునన్నమాట సత్యమే. కాని నీళ్లమీద నేరము మోపి చక్కెరను విడిచిపెట్టుట న్యాయము కాదు.

చివర ఒక కటువైన మాట చెప్పవలసియున్నది. మనలో ఈ జబ్బును దాచుదురు. పిల్లకు సంబంధము తప్పునని తండ్రి దాచును. మగ్గము పని తగ్గింతురని కార్మికుడు దాచును. దాచినది పదేండ్లకు బయటపడి, మూత్రపిండము మార్పవలసి వచ్చినప్పుడు ఇచ్చునదెవరు? బ్రదికియుండి మూత్రపిండము దానమిచ్చువారిలో మన దేశమున స్త్రీలే ఎక్కువ. తల్లియో, భార్యయో ముందునకు వచ్చును. ఆమె దానమును వేదికలమీద పొగడుదుము గాని, ఏటికొక చిన్న సీసాడు రక్తమిచ్చుటకు మగవారము సిగ్గుపడుదుము.

కావున రేపటి విషయనిర్ధారణసంఘము ముందర ఈ సవరణను ఉంచుచున్నాము. యంత్రములకై సేకరించు నిధిలో మూడవవంతు పరీక్షానిధిగా వేఱు చేయవలెను. ధర్మవరము, ఉరవకొండ మొదలుగా మగ్గములున్న ప్రతి ఊరిలో ఏటికొకసారి, ముప్పది యేండ్లు దాటినవారికి రక్తపోటును చక్కెరను చూడవలెను. మధుమేహులని తేలిన ప్రతివారికి క్రియాటినిన్‌ను వడపోత లెక్కతో సహా, హెచ్.బి.ఎ.1.సి.ని, హిమోగ్లోబిన్‌ను, మూత్రపు అల్బుమిన్ కొలతను సంఘము ఖర్చుమీద చేయింపవలెను. ఫలితములు రోగి చేతికిని వైద్యుని చేతికిని తప్ప అన్యులకు, సంఘపు పెద్దలకు సైతము, చూపరాదు. అల్బుమిన్ 30 దాటినవారిని, వడపోత 60కి దిగినవారిని మూడు నెలలలో మఱల పిలిచి పరీక్షించు పూచీని ప్రతి ఊరిలో ఇద్దఱు యువకులకు, ఇద్దఱు స్త్రీలకు ఒప్పగింపవలెను. దాతలు తమ పెద్దల పేర్లు యంత్రముమీద చెక్కింపదలచినచో, అట్లే ఈ నిధికిని ఆ పేర్లు పెట్టుటకు మాకు అభ్యంతరము లేదు. సవరణ ప్రతులు ద్వారమువద్ద నున్నవి. సంతకము చేయదలచినవారు భోజనమునకు లేచులోపల చేయుదురుగాక.